నిద్ర తరుగు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ,
మూడో అంతస్తు, రెండో గది.
టిక్కీల్లో తేజ మిరప ఘాటు
ఇంత చలిలోనూ చావలేదు.
దగ్గు ఆపుకుంటూ గోడనున్న పెట్టె మూత విప్పాను.
అరచేతిలో పట్టేంత పెట్టె.
చలి అర డిగ్రీ మారినా, కరెంటు పోయినా
లేచి, టైము రాసి, మళ్ళీ పడుకోవడం దాని పని.
బ్యాటరీ ఏడాది రావాలి కదా,
మెలకువ కంటే నిద్రే ఎక్కువ నేర్పాం.
నేర్పినవాళ్ళలో నేనొకదాన్ని.

పోయిన నెల ఒక రాత్రి కరెంటు పోయింది.
ఒకటీ ముప్పైకి, అంది పెట్టె.
పోయిందే రెండింటికి, జనరేటర్ వేసింది రెండూ అయిదుకి,
అంది వాచ్‌మన్ నాగుల్ మీరా రిజిస్టరు,
నీలం ఇంకు, వంకర అంకెలు.
ముప్పై అయిదు నిమిషాలు గుర్రు పెట్టావన్నారు ఓనరు.
మిషను అబద్ధమాడుతుందా అన్నారు.
రెండు రోజుల జీతం కోశారు.

మిషను అబద్ధమాడలేదు.
తరుగు తీసింది.

లోపల రెండు గడియారాలు.
ఒకటి చురుకైంది, సెకనుని కోటి ముక్కలు కోస్తుంది,
కానీ పెట్టె పడుకుంటే అదీ పడుకుంటుంది.
రెండోది బొత్తాం బ్యాటరీ మీద బతికే ముసలిది.
నిద్ర ఎరగదు, చిల్లరా ఎరగదు,
నిండు సెకన్లే చెబుతుంది.
లేవగానే చురుకైంది దాన్నే అడగాలి,
ఎంతసేపు పడుకున్నాను?
ఆరు వందల పదకొండు, అంటుంది ముసలిది.
పదకొండు మీద ఇంకా కాస్త ఉందే, అదేమైంది?
యార్డులో కాటా దగ్గర
కిలో కిందున్నది ఏమవుతుందో అదే అయింది.

సెకను మొదట్లో పడుకోవడం,
ఎక్కడో నడుమ లేవడం,
ఆ నడుమని పారబోయడం,
రోజుకి నూటయాభై సార్లు.
రోజుకో నిమిషం.
నెలకి అర గంట.
అడుగు మందం థర్మోకోల్ గోడలు, సిగ్నల్ రాదు,
తప్పని చెప్పే దిక్కు లేదు.

రెండయిందని మీకెలా తెలుసు, గోడ గడియారం చూశారా?
"అది ఆగి ఏడాదయిందమ్మా.
కునుకు పట్టిన మాట నిజమే.
ఫ్యాను ఆగితే లేచాను.
లారీలోళ్ళ కోసం ఎదురు కొట్టు సాంబయ్య
రెండింటికి పొయ్యి రాజేస్తాడు.
పొగ వాసన అప్పుడే మొదలయింది."

నిద్రలో పోయిన కాలాన్ని
బయటినుంచి అడిగి తెచ్చుకోవాలని
నేను నాలుగేళ్ళు చదివాను.
ఆయన ముక్కుతో చేశాడు.

ఆ రాత్రి లాడ్జిలో ఎనిమిది వరసలు రాశాను.
పడుకునే ముందు రెండు గడియారాల తేడా గుర్తుపెట్టుకో.
మళ్ళీ పడుకోబోతూ ఆ తేడా చూడు.
రెండు సెకన్లు దాటి మారిందా,
ఎవరో కావాలనే ముల్లు తిప్పారు, వదిలెయ్.
అంతకు తక్కువా,
అది నువ్వు మింగిన చిల్లర,
ఈసారి లేచాక తిరిగి కలుపు.
మొదట ప్లస్‌కి బదులు మైనస్ పెట్టాను,
తెల్లారేసరికి తప్పు రెండింతలైంది.
దిద్దాను.
ఇవాళ పదో రోజు. తేడా సెకను దాటలేదు.

కాగితం ఓనరు బల్ల మీద పెట్టాను.
"సర్లెండి, ఇకమీద సరిగ్గా ఉంటుంది కదా" అన్నారు.
ఇకమీద.

గేటు దగ్గర నాగుల్ మీరా సైకిలు తాళం తీస్తూ
"పెట్టెకి దాని అర గంట ఇచ్చేశారా అమ్మా?"
ఇచ్చామన్నాను.
"మరి నా రెండు రోజులు?"

రిజిస్టరు తెమ్మని, ఆ తేదీ పక్కన ఆయన ఇంకుతోనే రాశాను:
కరెంటు పోయింది రెండింటికే.
సంతకం చేసి, కింద టైము వెయ్యబోయి ఆగి
ఎదురు కొట్టు వైపు గాలి పీల్చాను.