ముప్పై రోజుల కంపెనీ

చేపల కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లు
చేతిరాతతో స్టాకు రాసిన మా ఆయన రుపెర్తో,
కొత్త సాఫ్ట్‌వేర్ రాకపోతే గేటు కాపలాకి పొమ్మన్నారని,
శుక్రవారం రాత్రి
వంటింటి బల్ల మీది రొట్టెల పీట పక్కకు నెట్టి
మేనల్లుడు వదిలేసిన ఆటల కంప్యూటర్ పెట్టాడు.

పుంతా అరేనాస్‌లో జూన్ నెల.
పొద్దున తొమ్మిదైనా తెల్లారదు.
రేకుల పైకప్పును గాలి
అప్పులవాడు తలుపు బాదినట్టు బాదుతోంది.

ముప్పై రోజులు ఉచితం, అంది తెర.
ముందు నీ కంపెనీ పేరు చెప్పు, అంది.
ఆలూ లేదు చూలూ లేదు,
గడ్డం గోక్కుని గోక్కుని నా పేరు కొట్టాడు:
ఎదువిహిస్ అండ్ కో.
ఉద్యోగులెందరు?
జాబితాలో అన్నిటికన్నా చిన్న అంకె యాభై.
కోళ్లు తొమ్మిది, కుక్క ఒకటి, నేను, ఆయన,
భోజనం వేళకి తప్పకుండా వచ్చే మా మరిది.
ఎంత సాగదీసినా పదమూడు దాటలేదు.
యాభై నొక్కాడు,
దొంగలా కిటికీ వైపు చూస్తూ.

మెమరీ పదహారు కావాలట. మా దగ్గరున్నది ఎనిమిది.
"ఇరుకింట్లో పెళ్లి చేయలేదా మనం?" అని
ఎర్ర హెచ్చరికను పక్కకు తోశాడు.
చోటు కోసం మేనల్లుడి ఆటలు మూడు తీసేశాడు,
రెండు యుద్ధాలు, ఒక కార్ల పందెం.
ఆదివారం వచ్చి చూసుకుని
వాడు రెండు గంటలు మాతో మాట్లాడలేదు.

ఫ్యాన్ మా నాన్న పడవ ఇంజనులా దగ్గింది.
అరవై శాతం దగ్గర నేను పిండి కలిపాను.
తొంభై ఏడు దగ్గర రొట్టెలు కాలాయి,
తిన్నాం, గిన్నెలు కడిగాను,
ఇంకా తొంభై ఏడే.
డేటాబేస్ మొదలుకాలేదని
పొడుగాటి నంబరొకటి చూపించింది.
దాన్ని నా కోడిగుడ్ల పుస్తకం వెనక రాసుకున్నాడు,
డాక్టరు చెప్పిన జబ్బు పేరులా.
మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు.
రాత్రి నాలుగింటికి నన్ను లేపి
"వచ్చింది" అన్నాడు.
మా అమ్మాయి పుట్టిన రాత్రి కూడా
అంత నెమ్మదిగానే అన్నాడు.

లోపల గోడౌను ఉంది, సరుకు లేదు.
నేర్చుకోవాలంటే సరుకుండాలి కదా.
మా అలమరలో కలఫాతే పళ్ల జామ్ సీసాలు పదకొండు.
ఒక్కోదానికీ తొమ్మిదంకెల కోడ్.
అలమర, గోడౌన్ సున్నా ఒకటి. రెండో అర, బిన్ బి.
ఆయన స్టోర్‌కీపరు, నేను మేనేజరు.
నాకో పాస్‌వర్డ్ కూడా ఇచ్చాడు.

పొద్దున రొట్టెలోకి జామ్ అడిగితే
అభ్యర్థన పెట్టమన్నాను. పెట్టాడు.
గరిటె దించి, చేతులు తుడుచుకుని, లాగిన్ అయి,
తిరస్కరించాను.
ఇన్నేళ్ల కాపురంలో అంత హాయిగా ఎన్నడూ నవ్వలేదు.
మర్నాడు ఆమోదించాన్లెండి.

ఇరవై ఎనిమిదో రోజు నిల్వ తనిఖీ.
తెరలో పది. అలమరలో ఎనిమిది.
ఆయనకి నిద్ర లేదు. అరలన్నీ తడిమాడు,
తమ్ముణ్ణి అనుమానించాడు.
తేడాకు కారణం చెప్పనిదే తెర కదలదు:
పగిలింది, పాడైంది, దొంగలెత్తుకెళ్లారు.
మూడే.
గోడ అవతలి ఒర్తెన్సియాకి దగ్గు పట్టినప్పుడు
కంచె మీదుగా నేనే అందించాను,
ఏ కాగితమూ లేకుండా.
"పగిలాయని పెట్టు" అన్నాను.
నా ముఖంలోకి ఒకసారి చూసి,
ఏమీ అడక్కుండా, అదే నొక్కాడు.

ముప్పై ఒకటో రోజు తెరంతా బూడిదరంగు.
అమ్మకాల విభాగాన్ని సంప్రదించండి.
ధర చూసి ఈల వేశాడు.
ఆ డబ్బుకి మా వీధి మొత్తానికి
కొత్త పైకప్పులు వేయించొచ్చు.

సోమవారం పరీక్ష. ఇస్త్రీ చొక్కా,
జేబులో నా కోడిగుడ్ల పుస్తకం.
ఆయన మలుపు తిరిగాడో లేదో
కంచె దగ్గర టకటకమని గాజు చప్పుడు.
ఒర్తెన్సియా, రెండు సీసాలూ కడిగి తెచ్చింది.
ఒకదాంట్లో ఊరబెట్టిన ఆల్చిప్పలు.
రెండోదాంట్లో ఏమీ లేదు,
మూత మాత్రం కొత్తది.