అర మిల్లీమీటరు

బ్లేడు పెట్టి నున్నగా గీసుకున్న రోజు
మధ్యాన్నానికల్లా దవడ కింద మంట.
తెగిందేం కనబడదు. అయినా
ఆకురాయి కింద రాలిన కొమ్ముపొడి
ఆ కనబడని గాట్లన్నిటినీ వెతికి పట్టుకుంటుంది.
రెండోరోజుకి ఎర్రటి పొక్కులు.
మూడోరోజుకి వెంట్రుక బయటికి రాలేక
తోలు లోపలే చుట్ట చుట్టుకుంటుంది.

పోనీ పెంచుదామంటే
గెడ్డం నిండా పొడే, పొడి నిండా వాసనే.
సానచక్రం మీద కొమ్ము వేడెక్కితే
తలవెంట్రుక కాలిన కంపే కొడుతుంది.
రెండూ ఒకే జాతంట, మా దండపాణి మహారణా చెప్పేడు.
"గేదె నెత్తిన మొలిస్తే మనకి కూడు,
నీ మూతిన మొలిస్తే నీకు ఖర్చు" అన్నాడు.

కూలి అందిన శనివారం
పర్లాకిమిడి బజార్లో టుకునా కొట్టుకెళ్లేను.
వాడు ఒడియాలో మొదలెట్టి
ధర దగ్గరకొచ్చేసరికి తెలుగులోకి దిగేడు.
ఇరవై పొడవులున్నాయన్నాడు.
నీళ్లలో పడ్డా ఏమీ కాదన్నాడు.
చార్జింగు ఎంతుందో చెప్పే చిన్న తెర చూపించేడు.
నాకు ఇరవై మిల్లీమీటర్లెందుకు బాబూ,
ఒకటికి లోపల ఏటుందో చెప్పు.
చెయ్యేస్తే గరుకు తెలియాలి,
చూస్తే గెడ్డమని అనిపించకూడదు.
"జీరో ఉంది మామా" అన్నాడు.
జీరో అంటే మళ్లీ ఆ బ్లేడు గోలే కదా.

పెట్టెలు విప్పించేను.
ముఖానికి పెట్టనివ్వడు, అదీ న్యాయమే.
మోచేతి లోపలివైపు పెట్టి చూసేను,
అక్కడి తోలు మెడతోలుకి చెల్లెలు.
మొదటిది కొయ్యలేదు, లాగింది.
రెండోది బాగానే కోసింది గానీ
వంద లెక్కపెట్టేలోపు పెనంలా కాగింది.
మూడోదానికి దువ్వెన వదులు,
వేలితో నొక్కితే అరకీ ఒకటికీ మధ్య ఊగుతోంది.

ఇరవయ్యారేళ్లుగా కొమ్ముదువ్వెనలకి పళ్లు కోస్తున్నాను.
కొయ్యడం ఎవడికైనా వస్తుంది.
కోసిన పంటి కొసని గుండ్రం చెయ్యడంలోనే
పనంతా ఉంది.
ఏ ఊరి తలో, ఏ చంటిపిల్ల మాడో
మనకి తెలీదు.
మొన గుచ్చుకుందా, ఆ తిట్టు మాత్రం
నేరుగా మన ఇంటికే వస్తుంది.
అలవాటుకొద్దీ ఒక్కోదాని పళ్లూ బొటనవేలి మీద తిప్పుతుంటే
టుకునా నవ్వేడు, "పెళ్లిచూపులా?"

నాలుగోది అద్దాల బీరువాలో చూపుకి పెట్టింది.
పెట్టె లేదు. రంగు వెలిసింది. తెరా గిరా లేవు.
దాని కొసలు మాత్రం
ఏ కార్ఖానాలో ఎవడో
నా ముఖం ఎరక్కుండానే గుండ్రం చేసి ఉంచేడు.
ఆరొందల యాభై అన్నాడు.
ఐదొందలిచ్చి తెచ్చేను.

ఇంటికొచ్చి దీపం దగ్గర చూస్తే
ప్లాస్టిక్ దువ్వెనలో ఒక పంటి పక్కన
అచ్చు వదిలిన సన్న పొర.
కొంగబొమ్మ రెక్కలకి వాడే గరుకు కాగితం తడిపి
నాలుగుసార్లు రాసేను.
(ఆ రెక్క ఎంత పల్చనుండాలంటే
అవతల దీపం పెడితే ఇవతల మన చెయ్యి పసుపెక్కాలి.)

ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి,
నొక్కకుండా తోలు మీద తేలనిచ్చేను.
మెడ దగ్గర వెంట్రుక ఎటు పడుకుందో
వేలితో అడిగి, నెమ్మదిగా
దానికి ఎదురెళ్లేను. ఒక్కసారే.
పాత పేపరు మీద రాలిన ఆ బూడిదరంగు పొడిని
మా ఇంటిది సత్యవేణి చూసి
పని ఇంటికి తెచ్చుకున్నాననుకుంది.

సోమవారం కొమ్ముపొడి లేచింది,
ముఖమంతా తడిమింది,
దారి దొరక్క కిందకి రాలిపోయింది.

మహారణా కళ్లద్దాలు పైకెత్తి
"గీసుకోలేదేటి?" అన్నాడు.
పొద్దున్న సత్యవేణి
"గీసుకున్నావేటి?" అంది.
ఇద్దరికీ ఊఁ అన్నాను.

బ్లేడుకి నూనెచుక్క వెయ్యడం మాత్రం మర్చిపోయేను.
సాయంత్రం వెళ్లగానే వెయ్యాలి.