చెట్టెక్కుడు రానోడు

తార్ల పేరు తప్పు పడ్డది.
కొమురెల్లి అని రావాల్సింది
కమరాలి అని వచ్చింది.
బడిపంతులు రెండుమాట్ల చదివి
కండ్లద్దాలు తుడుసుకున్నడు.
"గా పేరుగల్లోడు మా ఇంట్ల లేడు సారూ"
అన్నది అవ్వ.
పోస్టు వెంకటాద్రి సైకిలు తిప్పుకొని
జనగామ తొవ్వ పట్టిండు.

అట్ల అన్న
ఇంకో తొమ్మిది రోజులు బతికిండు.
ఆ తొమ్మిది రోజులల్ల
సెలవుకొస్తె తీస్కపోతడని
అవ్వ చింతకాయ తొక్కు నూరి
జాడి మూతికి గుడ్డ కట్టింది.
అయ్య పొద్దూ మాపూ
తాళ్ళెక్కిండు, దిగిండు.

మా తాత చెట్టు మీదికెల్లే పడ్డడు.
మోకు తెగిన చప్పుడు
అయ్య ఏడేండ్ల చెవులల్ల జొచ్చి
మళ్ళ బయటికి రాలేదు.
అందుకె అన్న పుట్టిన్నాడు
ఎల్లమ్మ గద్దె ముంగట మొక్కుకున్నడు:
"వీనికి మోకు ముట్టియ్య తల్లీ,
వీని కాళ్ళు నేల మీదనే ఉండాలె."
పదో తరగతి గట్టెక్కినంక
హన్మకొండ గ్రౌండుకు అయ్యనె తీస్కపోయిండు.
పరుగుల అన్న మొదటోడు.
ఛాతి కొలిచిన సుబేదారుకు
లొట్టెడు పొద్దటి కల్లు ఇయ్యబోతె
వద్దని నవ్విండట.
వాపసొచ్చే బస్సుల
"నేల మీది కొలువు, నేల మీది కొలువు" అని
పక్క సీటోళ్ళకు గూడ చెప్పిండట.

గని నాకు తెలుసు.
అయ్య అంగడికి పోయిన ఐతారాలు
దూలానికి వేలాడే తాత మోకును
తెగినకాడ ముడేసుకొని
ఒర్రె ఒడ్డు పోతుతాడు ఎక్కేటోడు అన్న.
కింద నేను, చేతుల ఆయన చెప్పులు, కాపలా.
"తమ్మీ, కాజిపేట పొగ కనవడుతాంది!"
అబద్ధమే.
ఒక్కోసారి అజంజాహి మిల్లు గొట్టం గూడ కనవడేది.
దిగినంక చేతుల పావుల పెట్టి
నా నోరు మూసేటోడు.
ఆ పావుల
ఇంకా నా నోట్లనే ఉన్నది.

జాఫ్నా కెల్లి ఒక్కటే ఉత్తరం.
సగం మీద ఎవలో నల్లసిరా పూసిన్రు.
మిగిలిన సగమంత తాళ్ళే.
"ఈడ మనూరికన్న శాన ఉన్నయి తమ్మీ.
గుండ్లు తాకి కొన్నిటికి తలల్లేవు.
ఒకదానికి లొట్టి కట్టినట్టే ఉన్నది,
నిండి కారుతాంది, ఈగలు.
గీసెటోడు యాడ దాసుకున్నడో.
అయ్యకు సదివియ్యకు."

పదోనాడు
పేరు సక్కగ రాసుకొని
తార మళ్ళొచ్చింది.

చలి పోతుండగ
అన్న ట్రంకుపెట్టె మోసుకొని
బొబ్బిలి దిక్కోడు ఒకడొచ్చిండు, అప్పలసామి.
కుడి చెయ్యి మెడకు కట్టి ఉండె.
గొంగడి మీద కూసొని
ఉన్నదున్నట్టు చెప్పిండు:
"సెట్టెవులెక్కుతార్రా అని ఆఫీసరడిగితే
ఈడే సెయ్యెత్తినాడండి.
తువ్వాలు మెలేసి కాళ్ళకి కట్టుకుని
ఉడతలాగ ఎక్కీసినాడు.
ఏటి కనిపిస్తందిరా అన్నాం.
కాజీపేట పొగ కనిపిస్తంది అన్నాడు.
అదేటో మాకు తెలీదు.
అంతలోనే..."

అయ్య లొట్టి వంచి
ముంతల పోసి ఆయన ముందట పెట్టిండు.
ఈగను తోలిండు.
శానసేపటికి అన్నడు:
"ఎవలనో చూసి మావోడనుకున్నవు బిడ్డా.
మావోనికి చెట్టెక్కుడు రాదు."

అప్పలసామి నా దిక్కు చూసిండు.
నేను ముంత దిక్కు చూసిన.

పించను కాయిదాల మీద అవ్వ ఏలుముద్రేసింది.
అయ్య ఎయ్యలే, సచ్చేదాక.
"ఆ కమరాలి ఎవ్వని కొడుకో పాపం"
అనుకుంట తాళ్ళకు పోయేటోడు.

ఇప్పుడు ఆ తాళ్ళు నావి.
మోకు కొత్తది, సొసైటిల ఇచ్చిన్రు.
తాతది దూలానికే ఉన్నది,
అన్న ఏసిన ముడితోని.
అప్పుడప్పుడు ఒర్రె ఒడ్డు పోతుతాడు ఎక్కుత.
దాంట్ల కల్లు లేదు, ఎండిపోయి ఏండ్లాయె.
ఊకెనే ఎక్కి
కాజిపేట దిక్కు చూస్త.
బొగ్గింజన్లు ఎప్పుడో పోయినయి,
అన్నీ కరెంటు బండ్లే.
పొగ యాడికెల్లి వస్తది.
అయినా కింద ఎవలో
చెప్పులు పట్టుకొని నిలవడ్డట్టుంటది,
చెప్పుమని.