ఆరేదాకా

నాన్న అడిగింది ఒకే ఒక్క మాట.
జీతమెంతో అడగలేదు,
విమానంలో భయమేసిందా అనీ అడగలేదు.
డ్రిల్లు మోతకి పోని చెవిని నా వైపు తిప్పి
"మన రాయి ఇంట్లో పరిచాక ఎట్టుండిద్ది సువార్తా?" అన్నాడు.

ముప్పయ్యేళ్ళుగా రామతీర్థం కొండని
దిమ్మెలు దిమ్మెలుగా లారీలకెక్కించిన మనిషి.
లారీ ఒంగోలు దారి పట్టాక
ఆ దిమ్మె ఏమయిపోతుందో
ఎవరూ ఆయనకి చూపించలేదు.

మే నెలలో ఈ వాకిట్లోనే
ఓపేర్ అంటే ఏందో అమ్మకి చెప్పలేక తంటాలు పడ్డాను.
పిల్లోణ్ణి ఆడించాలి, వాడితో ఇంగ్లీషు మాట్లాడాలి,
వాళ్ళింట్లోనే ఉండాలి, చేతిఖర్చులిస్తారు.
"ఆయా అనరాదా" అంది, కందులు చెరుగుతా.
కాదమ్మా, ఆ మాటకి సమానంగా అని అర్థమంట.
అందరికీ ఒకే బల్ల మీద అన్నం.
చేట ఆగింది.
మా నాయనమ్మ ఒకరింట్లో నలభయ్యేళ్ళు చేసింది.
ఆమె గిన్నె గొడ్లచావిడి చూరులో ఉండేది.
"పోయిరా" అంది అమ్మ.

వాళ్ళ ఊరూ సముద్రం పక్కనే.
కొత్తపట్నం ఉప్పుగాలే, చేపల వాసన తక్కువ.
ముసలామె మొదటిరోజే వేలు చూపించి చెప్పింది,
మాది స్పానిష్ కాదు, కతలాన్.
సరే అవ్వా, మమ్మల్నీ మద్రాసోళ్ళంటారు అన్నాను.
అప్పట్నుంచి టమాటా పులిమిన రొట్టెల్లో
నా ముక్క మీద నూనె కొంచెం ఎక్కువ పడేది.

మెరిచెల్ ఇంట్లో నిజంగానే ఒకే బల్ల.
అర్నౌ నా పక్కనే కూర్చుని చెంచాతో గ్లాసు మోగించేవాడు.
రెండోరోజు గిన్నెలు కడిగి గట్టు తుడుస్తుంటే
తడిగుడ్డ కింద నుంచి
మా ఊరు లేచింది.
నల్లగా.
లోపల ఇత్తడి రజను చల్లినట్టు చుక్కలు.
పెద్రా, అన్నాడు అర్నౌ, వాళ్ళ భాషలో రాయి పేరు నేర్పుతా.
నాకు పెద్దరాయి అనే వినపడింది.

జూలైలో ఒక ఆదివారం చుట్టాలొచ్చారు.
నాతో కలిపి తొమ్మిదిమంది, ఎనిమిది కుర్చీలు.
ఎవరూ ఏమీ అనలేదు.
అది చెప్పాలి, ఎవరూ ఏమీ అనలేదు.
నేనే పళ్ళెం తీసుకుని వంటగదిలోకి పోయి
గట్టు దగ్గర నిలబడి తిన్నాను.
రొయ్యల అన్నం. బాగుంది.
బాగుండటమే కష్టంగా ఉంది.
మోచెయ్యి ఆనించుకున్నాను.
ఆ ఇంట్లో నాకంటే ముందొచ్చిన మావాళ్ళు
ఆ రాయొక్కటే.

అర్నౌ వచ్చాడు.
ఐస్‌క్రీమ్ కోసం, నాకోసమేం కాదు.
ఎండకి కందిన చెంప రాయికి ఆనించి
ఈ చుక్కలు ఎవరు పెట్టారన్నాడు.
మా నాన్న, అన్నాను.
అక్కడున్నన్నాళ్ళూ నేనాడిన అబద్ధం అదొక్కటే.
ఎన్ని పెట్టాడు?
లెక్కపెట్టుకో.
నూట పన్నెండు దగ్గర ఐస్‌క్రీమ్ మొత్తం కరిగిపోయింది.

ఇప్పుడు చీమకుర్తి, మధ్యాహ్నం మూడు.
పాలిష్ ఫ్యాక్టరీల బురద ఎండి
తెల్లపొడిగా గాలికి లేస్తా ఉంది.
మా పొయ్యిగట్టు కడప బండ, ఒక మూల విరిగింది.
నాన్న ఇంకా చూస్తా ఉన్నాడు.
అద్దంలాగుంటుంది అందామనుకున్నా.
మొహం కనపడిద్ది అందామనుకున్నా.
తొమ్మిదో కుర్చీ సంగతి నాలిక దాకా వచ్చింది,
లోపల్నుంచి అమ్మ వింటా ఉంది.
"చల్లగుండిద్ది నాన్నా" అన్నాను.

ఆయన లేచి,
బట్టలుతకను వాకిట్లో వేసుకున్న ముక్క,
చార పడిందని క్వారీలో పారేసింది,
దాని మీద చెంబుడు నీళ్ళు పోశాడు.
బూడిదరంగు నలుపుకి తిరిగింది.
నలుపులో ఒకటి,
కాస్త పక్కగా ఇంకోటి,
ఆ తర్వాత గబగబా చాలా.
"ఇట్టానా?"

అమ్మ కూడా చేతులు తుడుచుకుంటా వచ్చింది.
ముగ్గురం వంగి చూస్తా ఉన్నాం,
అది ఆరేదాకా.