చప్పుడు

లాలాగూడ రైల్వే కోర్టులో
ఆరు వారాలు బంతి ముట్టనివ్వలేదు ఫిలోమినా మేడం.

ఒంటికాలి మీద నిలబడమంది.
ఇసుక సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చమంది.
బల్ల మీంచి దూకమని
కళ్ళు మూసుకుని వినేది:
"చప్పుడైంది. మళ్ళీ."

ఎగరడం ఎవరైనా ఎగురుతారు,
నేల నిన్ను తిట్టకుండా దిగు, అనేది
కుట్ల గీత ఉన్న తన మోకాలు తడుముకుంటూ.
వర్క్‌షాపు సైరన్ కూసేదాకా అదే పని.

గోడ మీద నా సుద్దగీత
నాలుగు వేళ్ళు పైకి జరిగింది.
ఆమె చూడనైనా లేదు.

నిన్న మౌలాలి జట్టుతో ఆట.
రీబౌండ్ కోసం ముగ్గురం లేచాం.
ఇద్దరి బూట్లు దభీమన్నాయి.
నేనెప్పుడు దిగానో నాకే తెలీలేదు,
బంతి చేతిలో ఉంది.

గట్టు మీద మేడం
కళ్ళు మూసుకునే ఉంది.