నాగోలు నుంచి ఒక ట్యాంకర్ తోడు

అంబర్‌పేట మురుగు ప్లాంట్‌లో
స్లైడులు చూడటం నా ఉద్యోగం.
పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే
వాటర్ డిపార్ట్‌మెంట్ అంటాను.
అబద్ధం కాదు. నీళ్ళే,
కాస్త ముందరి దశ.

మూడో నంబరు తొట్టిలోంచి ఒక చుక్క.
నాలుగువందల రెట్లు పెంచి చూస్తే
కాడ మీద గంటపువ్వులాంటి ప్రాణి ఒకటి
నోటి చుట్టూ నీళ్ళని సుడి తిప్పుకుంటూ
ఒంటరిగా ఈదేవాటిని మింగుతుంటుంది.
అందుకే మిగతావి జిగురు కక్కి
ఒకదాన్నొకటి అంటుకుంటాయి.
ముద్దయితే మింగుడుపడవు.

ఇంకొకటి అమోనియా తింటుంది.
అది విడిచింది అక్కడే పేరుకుంటే దానికే విషం.
ఆ విషమే పక్కదానికి అన్నం.
ఇద్దరిదీ ఏ ఊరో, ఏ మురిక్కాలువో,
పలకరింపుల్లేవు, పంక్తి భోజనాల్లేవు,
ఎంగిలి మీద నిలబడ్డ సంసారం.

ఆస్పత్రుల కాలువల్లోంచి వచ్చినవి వేరు.
మందుకు చావని విద్య వాటి దగ్గరుంటుంది.
దాన్ని ఉంగరంలా చుట్టి
తన జాతి కానిదానికి కూడా
సన్నటి గొట్టంలోంచి అందిస్తాయి.
చేబదులు. నోటు రాయించుకోవు.
లోకంలో ఇంత దాతృత్వం చూసి
నేను భయపడేది ఇక్కడొక్కచోటే.

శ్రావణమాసం, వాన రాత్రి,
ఎవరో లారీడు ఏదో తెచ్చి
మ్యాన్‌హోల్ మూత తీసి ఒంపి పోయారు.
పొద్దున తొట్టి గట్టు మీద నిలబడి మొయిన్ భాయ్
"వాసన మారింది మేడమ్,
పోరగాళ్ళు పోయిన్రు" అన్నాడు.
నేనింకా స్లైడు పెట్టలేదు.

పెట్టాక చూస్తే
గంటలు కాడల నుంచి ఊడిపోయి
ముద్దలన్నీ విడిపోయి సన్నటి దుమ్ము.
బ్లోయర్లు గాలి కొడుతూనే ఉన్నాయి,
పీల్చేవాళ్ళు లేని గాలి.
నురుగు మాత్రం తెల్లగా, మరీ తెల్లగా
మూసారాంబాగ్ వంతెన వైపు వెళ్ళింది.
రిపోర్టులో నష్టం అనే గడి ఉంది, సంఖ్యలో రాయాలి.
ఖాళీగా వదిలేశాను.

మూడోరోజు నాగోలు ప్లాంట్ నుంచి ట్యాంకర్.
చాక్లెట్ రంగు బురద,
తొలకరి పడ్డ నేల వాసన.
బురద కోసం ఇంతమంది ఎదురుచూపేమిటని
డ్రైవర్ నవ్వాడు.
మొయిన్ భాయ్ బిస్మిల్లా అని వాల్వు తిప్పాడు.

మలక్‌పేట క్వార్టర్స్‌లో పెరుగు అయిపోయిన రోజు
అమ్మ పాలలో ఎండుమిరప తొడిమలు వేసేది.
పేరుకునేది గానీ ఎవరిదో ఇంటి రుచి.
మర్నాడు గోడ మీంచి సఫియా ఆంటీ
చెంచాడు తోడు ఇస్తేగానీ మనసు కుదిరేది కాదు.
"గిన్నె కదపకు" అనేది అమ్మ, గుసగుసగా,
లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.
నిద్ర కాదని
డిగ్రీ చదివాక తెలిసింది నాకు.

ఎనిమిది రోజులు దుమ్మే.
తొమ్మిదో రోజు ఒక కాడ,
కాడ మీద ఒక గంట.
మొయిన్ భాయ్‌ని పిలిచి చూపించాను.
టోపీ తీసి, ఒక కన్ను మూసుకుని, చాలాసేపు.
"ఒక్కటేనా?"
"ఒక్కటే. కానీ తింటోంది చూడు.
తినేది వచ్చిందంటే
తినబడేవాళ్ళు ముందే వచ్చేసి ఉంటారు."

ఆ రోజు రిజిస్టరులో రాశాను:
మూడో నంబరు తోడుకుంటోంది.
ఇంజనీరుగారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు.
గీత కింద
ఇంకా చదవడానికి వస్తోంది.