యాభై గ్రాములు

బేగంబజార్ల కొన్న,
కాయితం పొట్లంల యాభై గ్రాముల గసాలు.
కోడికూర చిక్కబడాలంటే ఉండాల్సిందేనని
మసాలా డబ్బా అడుగున నేనే పెట్టిన.
బాలకిషన్ చూడనన్నా లేదు.

శంషాబాద్‌ల ఎవరూ ఆపలే.
అక్కడ దిగినంక
మూత తీసి, ఇదేందని అడిగిన్రట.
తమ్ముడు నవ్విండట,
"మా అక్క కూరలేస్తది" అని.
ఆ నవ్వు గూడ రాసుకున్నరు.

ఫోన్ల రెండు నిమిషాలు.
"అక్కా, వీళ్ల లెక్కల ఇవి గింజలు కావంట,
మత్తుమందంట."
సముద్రం దాటితే గింజ పేరు మారుతదని
నేను చదివిన ఏడో తరగతిల
ఎవరూ చెప్పలే.

మల్లేపల్లిల ఏజెంటు తలుపుకు తాళం.
వకీలు సాబ్ మాత్రం
ఒక్కో గింజ లెక్కపెట్టి అడిగినట్టే
పైసలడుగుతున్నడు.
రెండేండ్లో, నాలుగేండ్లో,
ఆయనకూ తెల్వదు.

నిన్న ఐతారం, కూర వండిన.
పల్చగనే అయ్యింది.
పిల్లలు ఏమనలే, తిన్నరు.

రాత్రి మిక్సీ గిన్నె కడుగుతుంటే
మూత రబ్బరు సందుల ఒకటి కనవడ్డది,
నూక కన్న చిన్నది, తెల్లగ.
గోటితోని తీసిన.

ఎక్కడ పారెయ్యాల్నో తెల్వక
నల్ల బంద్ చేసి
అట్లనే నిలవడ్డ.